కాళ్ళ కోసం వాయించే ఫిడేలు

మా తాతగారు దాన్ని ఫిడేలనే అనేవారు. సాయంత్రం వీధరుగు మీద కూర్చుని "ఏమే, ఫిడేలు తియ్యి, కాసేపు విందాం" అని కేకేసేవారు. ఆయనొక్కరే కాదు, విజయనగరంలో ఆ తరం వాళ్ళందరిదీ అదే మాట. ద్వారం వెంకటస్వామి నాయుడుగారంతటి విద్వాంసుణ్ణి కూడా జనం ఫిడేలు నాయుడుగారనే పిలుచుకున్నారు. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయన వయొలిన్ చెప్పడానికి చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. నేను ఆ కాలేజీలో చేరేటప్పటికి తొంభైల మధ్యకాలం. అప్పటి ఆడపిల్లలకి ఫిడేలు అనడం నామోషీ. వయొలిన్ అంటేనే చదువుకున్నట్టు. తాతగారు పోయాక ఆ మాట మా ఇంట్లో వినపడలేదు.

మళ్ళీ ఆ మాట నా చెవిన పడింది ఐర్లండులో. 2007 నవంబరులో, క్లేర్ కౌంటీలో ఎన్నిస్ అనే చిన్న ఊళ్ళో, చెత్తబుట్ట గేటు బయట పెడుతుండగా.

మావారు డాక్టరు. అక్కడ ఉద్యోగం దొరికి ముందే వెళ్ళారు, ఆరు నెలలకి నేను వెళ్ళాను. నా వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఆయనకి రాత్రి డ్యూటీలు. నాకు ఒక కిటికీ, కిటికీ అవతల వాన. అక్కడి వాన మన వానలా కురిసి వెలిసిపోయేది కాదు, రోజంతా గాల్లో తడిబట్టలా వేలాడుతూ ఉంటుంది. మధ్యాహ్నాలు తోచక వయొలిన్ తీసి, శ్రుతి చేసుకుని, ఒక వర్ణం వాయించుకుని పెట్టేసేదాన్ని. అద్దె ఇళ్ళ గోడలు పల్చన. ఆ రోజు పక్కింటి పెద్దావిడ తన బుట్ట లాక్కుంటూ ఎదురొచ్చి, పేరూ ఊరూ ఏమీ అడక్కుండా, "ఆ ఫిడేలు వాయించేది నువ్వేనా?" అంది.

ఫిడేలు! అంత దూరం వచ్చి మా తాతగారి మాట వినడం. అవునన్నాను. "అయితే రా, టీ పెడతాను" అంది.

ఆవిడకి అప్పటికి డెబ్భై రెండు. భర్త పోయాడు, పిల్లలు ముగ్గురూ మూడు దేశాల్లో ఉన్నారు. తనని పేరు పెట్టి పిలవమంది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ అంటే నవ్వింది. చివరికి మామ్మగారూ అన్నాను, అర్థం చెప్పాను, ఆవిడకి నచ్చింది. ఇక్కడా అలాగే రాస్తాను.

మామ్మగారి వంటింట్లో పొయ్యి పక్కన గోడలో ఒక గూడు, అందులో ఆరు పలకల బుల్లి పెట్టె. కాన్సెర్టీనా. రెండు చేతుల మధ్య పట్టుకుని లాగుతూ నొక్కుతూ వాయించే చిన్న హార్మోనియం అనుకోండి. ఒకే మీట మీద లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకో స్వరం. పొయ్యి పక్కన ఎందుకూ అంటే చెమ్మ తగలకుండా. క్లేర్‌లో అది ఒకప్పుడు ఎక్కువగా ఆడవాళ్ళ వాద్యం. కిల్‌రష్‌లో మిసెస్ క్రాటీ అని ఒకావిడ (1885–1960) పబ్బు నడుపుకుంటూనే దాని మీద దేశమంతా పేరు తెచ్చుకుంది. మన ఇళ్ళల్లో సుబ్బులక్ష్మిగారి పేరు ఎలా వస్తుందో, మామ్మగారి మాటల్లో ఈవిడ పేరు అలా వచ్చేది.

"ఏదైనా వాయించు" అంది. నేను వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఆవిడ కంగారుపడి కుర్చీ లాగింది. మేము ఇలాగే కూర్చుంటాం, ఫిడేలు తల కాలి చీలమండ మీద ఆనుతుంది అని చెప్తే, "నడుం పట్టెయ్యదూ?" అంటూ ఒక దిండు తెచ్చిచ్చింది. మోహన రాగం ఎత్తుకున్నాను. ఆలాపన, కీర్తన, నాలుగు స్వరకల్పనలు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆరు నెలల్లో ఒక మనిషి ఎదురుగా కూర్చుని వినడం అదే మొదలు. చేతనైనదంతా పెట్టాను. మామ్మగారు కదలకుండా విన్నది. అయ్యాక టీ వంచుతూ, "చాలా బావుంది" అంది. కాస్త ఆగి, నిజంగానే తెలుసుకుందామని అడిగింది: "దీనికి కాలు ఎక్కడ వెయ్యాలి?"

నేను జవాబు చెప్పలేదు. మా సంగీతానికి ఎవరూ కాళ్ళు వెయ్యరనీ, తొడ మీద చేత్తో తాళం వేస్తారనీ చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. ఆవిడ గూట్లోంచి పెట్టె తీసి, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు విడిచి, గట్టి మడమ బూట్లు వేసుకుంది. వాయించడానికి బూట్లు మార్చుకోవడం అప్పుడే చూశాను. కుడి మడమ నేలకేసి కొట్టడం మొదలుపెట్టాక, ఆ మడమ మీదికి పాట దానంతటదే వచ్చి ఎక్కినట్టనిపించింది.

అదొక రీలు. రీలంటే తకధిమి నడక. జిగ్ అంటే తకిట తకిట. ఇంకా పోల్కా, హార్న్‌పైప్, స్లైడ్ అని ఉన్నాయి. చాలావాటికి అల్లిక ఒకటే: ఎనిమిది ఆవర్తాల మొదటి భాగం రెండుసార్లు, ఎనిమిది ఆవర్తాల రెండో భాగం రెండుసార్లు. ఈ రెండో భాగాన్ని వాళ్ళు మలుపు అంటారు. మొత్తం ముప్ఫై రెండు. అలా ఒక పాటని రెండు మూడుసార్లు తిప్పి, ఊపిరి తీసుకోకుండా ఇంకో పాటలోకి దూకుతారు. ఆ దూకే చోట వింటున్నవాళ్ళకి ఒళ్ళు ఝల్లుమంటుంది. పల్లవి నుంచి అనుపల్లవికి ఎక్కినప్పుడు మనకి కలిగేది ఇంచుమించు అదే.

శనివారం పొద్దుట బళ్ళో పిల్లలకి సంగీతం క్లాసు ఉందని, అక్కడ నన్ను చేర్పిస్తానని బయల్దేరదీసింది మామ్మగారు. అలాంటి క్లాసులు ఆ దేశంలో ఊరూరా ఉంటాయి. కోల్తస్ అనే సంస్థ 1951లో పుట్టి ఈ సంగీతాన్ని శాఖోపశాఖలుగా నిలబెట్టింది. మా క్లాసులో పదిమంది పిల్లలు, అందరూ ఏడెనిమిదేళ్ళ వాళ్ళు, చేతుల్లో రేకు పిల్లనగ్రోవులు. వాళ్ళ మధ్య ముప్ఫై ఏళ్ళ నేను, చీర మీద కోటు వేసుకుని, వాళ్ళ కొలతకి చేసిన కుర్చీలో. జిగ్ నడక చెప్పడానికి మాస్టారు పిల్లల చేత "రాషర్స్ అండ్ సాసేజెస్" అనిపిస్తున్నాడు. అంటే పందిమాంసం ముక్కలూ, సాసేజీలూనూ. ఆరు అక్షరాలు, తకిట తకిటకి సరిగ్గా సరిపోతుంది. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టనిదాన్ని, పిల్లలతో కలిసి గొంతెత్తి అదే అన్నాను. చిన్నప్పుడు నాకు ఫిడేలు నేర్పిన మా మాస్టారు వింటే ఏమనేవారో.

ఆ తర్వాత మాస్టారు మొదటి పాఠం ఎత్తుకున్నాడు. రేక్స్ ఆఫ్ మాలో అన్నాడు. మాలో అంటే దక్షిణాన కార్క్ కౌంటీలో ఒక ఊరు, పద్దెనిమిదో శతాబ్దం పాట అన్నాడు. మొదటి నాలుగు ఆవర్తాలు వాయించేసరికి నేను లేచి నిలబడ్డాను.

అది "వందే మీనాక్షి".

ముత్తుస్వామి దీక్షితులవారు (1775–1835) మద్రాసు దగ్గర మనలిలో ఉన్న రోజుల్లో కోటలో తెల్లవాళ్ళ బ్యాండు వాయించే వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలంటారు. నలభైకి దగ్గరగా ఉన్నాయి. అన్నీ శంకరాభరణ రాగంలోనే, గమకం లేకుండా, అంటే స్వరాన్ని ఊపకుండా, చదునుగా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలకి తొలి పాఠాల్లో చెప్తారు. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ రావడంలో ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులది పెద్ద చెయ్యి. ఇదంతా నేను కాలేజీలో పరీక్ష కోసం కంఠతా పట్టినదే. పన్నెండేళ్ళ వయసులో మా మాస్టారింట్లో చాప మీద కూర్చుని వందే మీనాక్షి వాయించినదాన్నే. కానీ ఆ వరసకి ఒక ఊరు ఉందనీ, ఆ ఊరికి బస్సులో వెళ్ళొచ్చనీ, అక్కడి పిల్లలకీ అదే మొదటి పాఠమనీ ఊహించలేదు. అక్కడే వాయించి చూపించాను. మాస్టారు విని, "కాస్త నెమ్మదిగా వాయించారు, దేవుడికి కదా" అన్నాడు. పిల్లలకి ఇందులో వింతేమీ కనపడలేదు. ఇద్దరికి మాత్రం నా బొట్టు మీద సందేహాలున్నాయి.

క్లాసైతే ఒక దారిన పడింది కానీ, ఊరి బ్యాండు మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి. మామ్మగారు వాయించే బ్యాండు అది. చర్చి పక్కన హాల్లో రిహార్సలు. మూడు ఫిడేళ్ళు, రెండు ఫ్లూట్లు, ఒక బటన్ అకార్డియన్, బాంజో, మామ్మగారి కాన్సెర్టీనా, పియానో, ఒక చిన్న డ్రమ్ సెట్టు. పోస్ట్‌మాన్, టీచరమ్మ, ఆవుల డెయిరీ రైతు, నర్సు, రిటైరైన లారీ డ్రైవరు. డ్రమ్మరు చెక్క దిమ్మ మీద టక్ టక్ అని రెండు దెబ్బలు వేస్తాడు, పదిమందీ ఒకే వరస మీద పడతారు. ఒకే వరస! ఒకరు ఆగి ఇంకొకరికి ఇవ్వడం లేదు, ఆలాపన లేదు, తాళవాద్యాలు విడిగా వాయించే తనియావర్తనం లేదు, అప్పటికప్పుడు సొంతంగా అల్లే మనోధర్మం ఎవరిదీ లేదు. ఇదేం సంగీతం, గుంపుగా పరిగెత్తడంలా ఉందే అనుకున్నాను.

తర్వాత తెలిసింది, ఆ మాట నాకన్నా ముందే ఒక మహానుభావుడు అన్నాడని. షాన్ ఓ రీయాడా అనే స్వరకర్త, ఐరిష్ సంగీతానికి కచేరీ గౌరవం తెచ్చినవాళ్ళలో ఒకడు, 1962లో రేడియో ప్రసంగాల్లో ఇలాంటి బ్యాండ్లని, కేలీ బ్యాండ్లంటారు వీటిని, చీల్చి చెండాడాడు. బోర్లించిన జామ్ సీసాలో చిక్కుకున్న ఈగ రొద అన్నాడు. మామ్మగారి దగ్గర ఈ సంగతి ఎత్తితే, నలభై ఆరేళ్ళ కిందటి మాటకి ఆవిడ ముఖం అప్పుడే జేవురించింది. "ఆయన కుర్చీలో కూర్చుని విన్నాడు" అంది. అంతే.

కేలీ అంటే మొదట్లో ఊళ్ళో నలుగురూ ఒక ఇంట చేరి కబుర్లూ పాటలతో పొద్దుపుచ్చడం. తర్వాత ఆటపాటల సభకి ఆ పేరు వచ్చింది. అలా పేరు పెట్టుకుని చేసిన మొదటి సభ 1897లో లండన్లో జరిగింది, ఐర్లండులో కాదు. పల్లెల్లో ఆట మాత్రం వంటిళ్ళలోనే. నలుగురు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు చతురస్రంగా నిలబడి ఆడే దాన్ని సెట్ అంటారు. నెపోలియన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికులు తెచ్చిన ఫ్రెంచి ఆట అది, ఇక్కడి రీళ్ళకీ జిగ్‌లకీ అతుక్కుపోయింది. పరాయి ఆట అని జాతీయవాదులు కొన్నాళ్ళు వెలేశారు కూడా. వంటింట్లో గోడవారగా పింగాణీ సామాను పేర్చిన చెక్క అల్మరా ఉంటుంది, డ్రెస్సర్ అంటారు. ఆట ఊపులో ఉండగా ఎవరో ఒకరు "ఇల్లంతా తిరగండి, డ్రెస్సర్ జాగ్రత్త!" అని అరవాలి. హాల్లో డ్రెస్సరే లేకపోయినా ఇప్పటికీ అరుస్తారు. కొన్ని ఇళ్ళల్లో నేల బండల కింద గుర్రం పుర్రె పాతిపెట్టేవారట, అడుగుల చప్పుడు గుమ్మని మోగాలని. మన వాళ్ళు ఘటం ఎంచుకున్నంత శ్రద్ధగా వీళ్ళు నేలని ఎంచుకున్నారన్నమాట.

1935లో ప్రభుత్వం పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం తెచ్చింది. లైసెన్సు లేని చోట ఆడించకూడదు. చట్టంలో ఎలా ఉన్నా, చాలా చోట్ల ఫాదరీలూ పోలీసులూ ఇళ్ళల్లో ఆటలకీ నాలుగురోడ్ల కూడళ్ళలో ఆటలకీ దాన్నే అడ్డం పెట్టారు. మామ్మగారి పుట్టింట్లో ఆవిడ చిన్నప్పుడు ఆట జరుగుతుంటే పిల్లల్ని రోడ్డు మీద కాపలా పెట్టేవారట. చివరికి ఆట వంటింట్లోంచి చర్చివాళ్ళ హాల్లోకి వెళ్ళింది. అక్కడే బ్యాండు సంగతి నాకు అర్థమైంది. వంటింట్లో పదహారు కాళ్ళకి ఒక ఫిడేలు చాలు. రెండొందల మంది బూట్లేసుకుని ఒకేసారి నేలని తన్నే హాల్లో, మైకుల్లేని రోజుల్లో, ఒక ఫిడేలు ఎవరికి వినపడుతుంది? అందుకే పదిమంది ఒకే వరస. అందుకే పియానో, డ్రమ్ములు. ఎవరి మనోధర్మం వాళ్ళు చూసుకుంటే మూల ఉన్న జంట అడుగు తప్పుతుంది.

ఇది పుస్తకం చదివి తెలుసుకున్నది కాదు. 2008 వేసవిలో మామ్మగారు తన పాత కారులో నన్ను కిల్‌ఫెనోరా తీసుకెళ్ళింది. అది ఆవిడ పుట్టిల్లు. ఎన్నిస్ నుంచి కొరోఫిన్ మీదుగా గంటలోపే. దారిలో బర్రెన్ అనే సున్నపురాయి బీడు. కొండలు కొండలే బూడిదరంగు బండలు, చెట్టన్నది లేదు, బండల చీలికల్లో మాత్రం పువ్వులు. ఊరు గట్టిగా ఒక వీధి. శిథిలమైన పాత కెథీడ్రల్లో ఎత్తైన రాతి శిలువలు, వాటికి ఎండావానా తగలకుండా గాజు కప్పు. రెండు మూడు పబ్బులు. అంత చిన్న ఊరి పేరు ఐరిష్ సంగీతం తెలిసిన ఎవరిని కదిపినా చెప్తారు, కిల్‌ఫెనోరా కేలీ బ్యాండు వల్ల. 1909లో ఊరి చర్చి అప్పు తీర్చడానికి ఆటలు పెట్టి డబ్బు పోగుచెయ్యాలని మొదలైన బ్యాండు అది. అప్పు తీరింది, బ్యాండు ఆగలేదు. తండ్రుల తర్వాత కొడుకులూ, మేనల్లుళ్ళూ, మనవరాళ్ళూ వచ్చి ఆ కుర్చీల్లో కూర్చున్నారు. 1950ల నుంచి దాదాపు నలభై ఏళ్ళు కిట్టీ లినేన్ అనే ఆవిడ పియానో ముందు కూర్చుని బ్యాండుని నడిపింది. 1954, 55, 56 వరసగా మూడేళ్ళు అఖిల ఐర్లండు పోటీ గెలిచారు. మూడోది మా ఎన్నిస్‌లోనే జరిగింది. ఆవిడ 1993లో పోయింది. ఆ ఏడు నుంచి బ్యాండు మళ్ళీ వరసగా మూడుసార్లు గెలిచింది.

వీళ్ళకి పోటీ అదే కౌంటీ తూర్పున టల్లా కేలీ బ్యాండు, 1946లో పుట్టింది. పి. జో హేస్ అనే ఫిడేలు విద్వాంసుడు దశాబ్దాలపాటు దానికి పెద్దదిక్కు. 1957లో వాళ్ళు గెలిచారు. మామ్మగారు కిల్‌ఫెనోరా పిల్ల, పెళ్ళాడింది టల్లా వైపు అబ్బాయిని. అంటే ఆ కాపురం రామారావు అభిమానినీ నాగేశ్వరరావు అభిమానినీ ఒకే కప్పు కింద పెట్టినట్టు. పెళ్ళైన కొత్తలో రేడియోలో ఒక బ్యాండు వస్తే ఒకరు, ఇంకో బ్యాండు వస్తే ఇంకొకరు లేచి బయటికి వెళ్ళేవారట. "నలభై ఏళ్ళలో ఆయన ఒకే ఒక్కసారి ఒప్పుకున్నాడు, కిల్‌ఫెనోరా వాళ్ళ పియానో మేలని" అంది. "అప్పుడాయనకి జ్వరం."

ఆ రాత్రి పబ్బు పక్కన కొట్టంలో ఆట చూశాం. కొట్టం అంటే నిజంగా పాత కొట్టమే. గోడవారగా బెంచీలు. నన్ను ఎవరో పెద్దాయన చెయ్యి పట్టి సెట్‌లోకి లాగేశాడు. రాదు మొర్రో అంటే, "నీకు రానక్కర్లేదు, మేము ఏడుగురం ఉన్నాంగా" అన్నాడు. క్లేర్ వాళ్ళు కాలెడోనియన్ అనే సెట్ ఆడతారు. పాదం పెద్దగా పైకి లేవదు, నేలకి దగ్గరగానే ఉండి మడమా మునివేళ్ళూ కలిపి టకటకలాడిస్తారు. ఎనిమిది మంది అడుగులు డ్రమ్ముతో కలిసిపోయాయి. అప్పుడు వినపడింది నాకు బ్యాండు! రిహార్సల్లో విన్నది సగమే. రెండో సగం నేల మీద ఉంది. మలుపు ఎత్తుకునే చోట అందరి ఒంట్లోనూ ఒకే ఊపు వచ్చింది, నా ఒంట్లో కూడా. ఆ ఊపుకి నేను పక్కావిడ కాలు గట్టిగా తొక్కేశాను కూడా.

మర్నాటి నుంచి మామ్మగారి బ్యాండులో నాలుగో ఫిడేలు నేను. వినడానికి ఇంత తేలికగా ఉంది కానీ, నా చేతులకి ఏడాది పట్టింది. మనం తీగల్ని స-ప-స-ప అని శ్రుతి చేసుకుంటాం, వాళ్ళు నాలుగూ నాలుగు స్వరాలకి పెడతారు. ఇన్నేళ్ళ సాధనలో వేళ్ళకి తెలిసిన ఇళ్ళన్నీ మారిపోయాయి. కుర్చీలో కూర్చోవడం ఒక బాధ. అన్నిటికన్నా గమకం. నా వేలు గాంధారం మీద నిలబడదు, ఊగుతుంది, అది ఊగడానికే పెరిగింది. పక్క కుర్చీలో పోస్ట్‌మాన్ నెమ్మదిగా, "ఆ స్వరానికి చలేస్తోందేమో" అనేవాడు. వాళ్ళకీ అలంకారాలున్నాయి. ఒక స్వరాన్ని పైదాన్నీ కిందిదాన్నీ తాకించి గుండ్రంగా చుట్టే రోల్ ఒకటి. అది మాత్రం నాకు తొందరగా పట్టుబడింది, మన గమకాల్లో రవ అనేదాని జాతిదే అనిపించి. స్వరం రాసిచ్చేవారు కాదు. విని పట్టుకోవాలి. అది మాత్రం విజయనగరమే.

అన్నిటికన్నా కష్టమైంది ఇంకోటి. ఎవరికీ వినపడకూడదు. నా ఫిడేలు విడిగా వినిపించిందంటే తప్పు వాయిస్తున్నానని లెక్క. చిన్నప్పటి నుంచి వేదిక మధ్యలో ఎలా కూర్చోవాలో నేర్పారు గానీ, పదిమందిలో ఎలా కరిగిపోవాలో ఎవరూ నేర్పలేదు.

నేను విడిగా వినిపించింది ఒకే ఒక్కసారి. 2009 ఫిబ్రవరిలో, నా మొదటి కేలీలో. హాలు పైకప్పు కారుతోందని ఆ రిపేరు కోసం పెట్టిన ఆట. మూడోసారి తిప్పాక ఆపాలి. నేను ఆ ఊపులో లెక్క మరిచి నాలుగోసారి ఎత్తుకున్నాను. పదిమంది ఆగిపోయారు, నేనొక్కదాన్నీ రెండు ఆవర్తాలు వెళ్ళాను, నిండు హాల్లో. గొంతు తడారిపోయింది. ఆపబోతుంటే ఎదురుగా ఎనభై ఏళ్ళ ముసలాయన ఒకడు తన జోడీ చెయ్యి వదలకుండా, నా రెండు ఆవర్తాలకీ అడుగు వేసేశాడు. వెంటనే డ్రమ్మరు అందుకున్నాడు, తర్వాత మామ్మగారు, తర్వాత అందరూ. ఆ పాట నాలుగోసారి కూడా పూర్తయింది. టీ విరామంలో ఎవరూ ఆ ఊసెత్తలేదు, పోస్ట్‌మాన్ మాత్రం "ఫ్రీగా ఒకటి ఎక్కువిచ్చావు" అన్నాడు. ఆ టీ విరామాలు కూడా ఒక వైభోగం. పెద్ద పెద్ద కెటిల్స్, హామ్ సాండ్విచ్‌లు, లాటరీ చీటీలు. శాకాహారిని కాబట్టి నాకు మిగిలేది ఆపిల్ టార్ట్ ఒక్కటే. మూడో నెల నుంచి ఊళ్ళో ముగ్గురు ఆడవాళ్ళు నా కోసమని తలో టార్ట్ చేసుకొచ్చేవారు. మూడూ తినకపోతే తగాదా.

ఎవరికీ డబ్బుల్లేవు, దూరం వెళ్తే పెట్రోలు ఖర్చు తప్ప. వచ్చింది హాలుకో బడికో. మాట వరసకి సంప్రదాయాన్ని కాపాడుతున్నాం అని ఎవరూ అనగా నేను వినలేదు. గురువారం రిహార్సలుకి రాకపోతే మాత్రం ఫోను వచ్చేది.

అదే కాలంలో దేశం అప్పుల్లో కూరుకుపోయింది. కట్టుబడి పనులు ఆగిపోయాయి. మా డ్రమ్మరు కుర్రాడు వడ్రంగి, 2010లో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు ఫ్లూటు వాయించే నర్సు. రిహార్సల్లో వాళ్ళ కుర్చీలు ఎవరూ తీసెయ్యలేదు. ఒక చలికాలమంతా డ్రమ్ము లేకుండా, మామ్మగారి మడమే డ్రమ్ముగా వాయించాం. తర్వాత శనివారం క్లాసులో నా పక్కన రాషర్స్ అండ్ సాసేజెస్ అని అరిచిన పిల్లల్లో ఒకడు, అప్పటికి పదకొండేళ్ళు నిండినవాడు, చెక్క దిమ్మ ముందు కూర్చున్నాడు. కాళ్ళు నేలకి సరిగ్గా అందవు. మొదటి రాత్రి ఆ టక్ టక్ మరీ హడావిడిగా కొట్టాడు. ఆ పిల్లాడి వేగానికే వాయించాం అందరమూ, డెబ్భై ఏళ్ళ వాళ్ళతో సహా. ఆడేవాళ్ళు చెమటలు కక్కుకుని, నవ్వుకుంటూ ఆడారు. ఇలాంటి చోట పెద్దవాళ్ళు పిల్లాణ్ణి నెమ్మదించమని అనాలని నాకు తోచింది. ఎందుకనలేదని అడిగాను. "వచ్చే వారం వాడే నెమ్మదిస్తాడు, ఈ వారం భయపెడితే వచ్చే వారం రాడు" అంది మామ్మగారు. మా అమ్మగారి ఊళ్ళో చెక్కభజన ఆగిపోయింది పిల్లలు రాక అని అందరూ అంటారు. పెద్దవాళ్ళు తిట్టిన తిట్లు ఎవరూ లెక్కెయ్యరు.

2012లో మావారికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వచ్చేశాం. బయల్దేరే ముందు రాత్రి ఏమీ జరగలేదు. గురువారం కాబట్టి రిహార్సలు జరిగింది.

ఇప్పుడు మియాపూర్లో మా అపార్ట్‌మెంట్లో పదిహేను మంది పిల్లలకి వయొలిన్ చెప్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం, అక్కడ పొద్దుటపూట, మామ్మగారు వీడియో కాల్ చేస్తుంది. మొదట్లో ఇద్దరం కలిసి వాయిద్దామని చూశాం. కుదరలేదు. ఇంటర్నెట్టు అరసెకను ఆలస్యం. ఆవిడ మలుపులో ఉంటే నేను ఇంకా మొదటి భాగం చివర్న ఉంటాను, ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఆగుతూ ఆగుతూ చివరికి పాటే ఆగిపోతుంది. ఇలా లాభం లేదని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆవిడ వాయిస్తుంది. నేను నా మైకు మ్యూట్ చేసి, కుర్చీ వేసుకుని, ఆవిడతో కలిసి వాయిస్తాను. నాకు ఇద్దరం వినపడతాం. ఆవిడకి నేను వినపడను.

పాట అయ్యాక ఆవిడ తెరకి దగ్గరగా వంగి చూస్తుంది. నిరుడు ఒకసారి, "మలుపులో పరిగెత్తావు" అంది.

మీకు వినపడదు కదా మామ్మగారూ అన్నాను.

"కాలు కనపడుతోంది" అంది.